మడి, మరక
పెళ్లిలో పట్టుపంచె మీద పసుపు పడుతుంది. సబ్బు తగలగానే ఆ మరక ఎర్రబడుతుంది. పసుపుకు క్షారం తగిలితే జరిగేదే అది, కుంకుమ పుట్టేదీ అలాగే. అది తెలియక కంగారుపడి బ్లీచ్ పోస్తే, జుట్టులాగే మాంసకృత్తుతో తయారైన పట్టు దారం తినేసినట్టు పోతుంది. అది చాలక నిమ్మరసం కూడా కలిపితే క్లోరిన్ వాయువు పుడుతుంది. మద్రాసు జార్జి టౌన్ ఇళ్లలో ఉండేలాంటి ఇరుకు స్నానాల గదుల్లో అది ఊపిరికే ముప్పు. ఇక్కడ శుద్ధి గురించిన పాత ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. మలినాన్ని ఎలాగైనా పోగొట్టడం శుద్ధా, వస్తువు తత్వం ఎరిగి దాన్ని కాపాడుకోవడం శుద్ధా?

రెండోదేనని నా నమ్మకం. మనుస్మృతి అయిదో అధ్యాయం బట్టలన్నిటికీ ఒకే విధి చెప్పలేదు. పట్టుకూ ఉన్నికీ చవుడు, కంబళికి కుంకుడు, నారబట్టకు తెల్లావాలు అని విడివిడిగా చెప్పింది. శాస్త్రశుద్ధి కంటికి కనిపించనిది, దానికి రసాయనంతో పనేమిటని కొందరంటారు. కనిపించనిదే అయితే ఏ బట్టకు ఏది వాడాలన్న ఈ పట్టింపు దేనికి? ఉతికి ఆరేసి ఎవరూ తాకని బట్ట మరకతో ఉన్నా మడే, మెరిసిపోయే బట్టయినా తాకితే మైలే, నిజం. కానీ ఆ ఉతకడానికి తెలివి కావాలి కదా.

ఆ తెలివి ఎవరిదన్న చోటే నాకు బాధ కలుగుతుంది. జార్జి టౌన్‌ను ఆనుకునే ఉంది వాషర్మన్‌పేట. కుంపిణీ బట్టలను ఉతికి తెల్లబరిచినవాళ్ల వల్లే దానికి ఆ పేరు వచ్చింది. మద్రాసు వర్తకం నిలిచిందే బట్టల మీద. నీటి గుణం, ఎండ వేడి, నూలు ఓర్పు చేత్తో తెలిసినవాళ్లు వాళ్లు. మన ఇళ్లలో మాత్రం చాకలి ఉతికి తెచ్చిన బట్టను మడికని మళ్లీ నీళ్లలో జాడించేవారు. మురికి పోగొట్టిన చేతికే మైల అంటగట్టిన ఆచారాన్ని శుద్ధి అనడానికి నా మనసు ఒప్పుకోదు. అది మనిషి మీద ద్వేషం కాదు, నియమం మాత్రమేనంటారు. ఆ నియమం భారం మోసింది ఎప్పుడూ ఒక వైపే.

మరక పూర్తిగా పోకపోతే పూజకు పనికొస్తుందా అన్న సందేహం మిగిలింది. నూలు బట్టయితే జాడించి ఎండలో వేస్తే చాలు, పసుపు రంగు వెలుతురుకు నిలవదు. పట్టును నీడనే ఆరేయాలి కాబట్టి కొంగున లేత పసుపు ఛాయ ఉండిపోవచ్చు. ఉండనివ్వండి. మంగళకార్యంలో అంటిన పసుపే కదా అది.