రోకలి మళ్ళీ రోకలయ్యేదాకా

మొన్న దసరా సెలవులకు మా అక్క కొడుకు హైదరాబాదు నుంచి నర్సంపేట వచ్చాడు. వస్తూ వస్తూ ముగ్గురు స్నేహితుల్ని, ఓ సంచెడు పాచికల్ని వెంటేసుకొచ్చాడు. మనకు తెలిసిన పాచికలు కావవి. నాలుగు ముఖాలవి, ఎనిమిది ముఖాలవి, ఇరవై ముఖాలది కూడా ఒకటుంది. వసారాలో చాపేసుకుని నలుగురూ కూచున్నారు. పేకముక్కల్లేవు, గవ్వల్లేవు. ఒకడు కథ చెప్తాడు, మిగతా ముగ్గురూ అందులో వీరులు. "గుహలో చీకటి. ఎదురుగా రాక్షసుడు. మీ కత్తులు పోయినయ్. ఏం జేస్తరు?" అనడుగుతాడు వాడు. వీళ్ళు చేస్తామన్నది నెరవేరిందో లేదో పాచిక తేలుస్తుంది.

చెప్పొద్దూ, నాకు కొంచెం అసూయ కూడా కలిగింది. ఇన్నేళ్ళుగా నేనొక్కదాన్నే కాగితాల ముందు కూచుని పడే అవస్థను వీళ్ళు నలుగురూ నోటితో, నవ్వుకుంటూ కానిచ్చేస్తున్నారు! ఈ తరహా ఆటల్లో మొదట పేరుకెక్కింది డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికా వాళ్ళు 1974లో దాన్ని అచ్చువేశారు. చిన్న చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధాలాడుకునే అలవాటులోంచి పుట్టిందది.

సరే, కత్తులు పోయాయి కదా. మావాడు నోట్‌బుక్ పట్టుకుని వంటింట్లోకొచ్చాడు.

"చిన్నమ్మా, మనింట్ల ఆయుధాలేమున్నయ్?"

"నా నోరు చాలదారా?" అన్నాను.

వాడు నవ్వలేదు. రోకలి, కత్తిపీట, కవ్వం, పప్పుగుత్తి అన్నీ వరసగా రాసుకున్నాడు. ఆటలో దీనికి లెక్క ఉందట. ఆయుధం కాని వస్తువుతో కొడితే నాలుగు ముఖాల పాచిక వేసి దెబ్బ ఎంతో తేల్చాలి. ఆ వస్తువు అసలు ఆయుధాన్ని పోలి ఉంటే ఆ ఆయుధం కిందే జమకట్టవచ్చు. కుర్చీ కాలు దుడ్డుకర్రలా ఉంటే అది దుడ్డుకర్రే. మా రోకలికి పెద్ద హోదాయే దక్కింది. "బరువు రెండు కిలోలు" అని పక్కన రాశాడు, దాన్ని ముట్టుకోకుండానే.

తర్వాత సొంత ఆయుధాల వంతు. మిరపకాయలు దంచి, గుడ్డలో మూటగట్టి, వడిసెలతో విసిరే 'కారం బాంబు' ఒకటి తయారుచేశాడు. మిర్చి పండే ఊరు కదా అని చపాటా మిర్చి ఎంచుకున్నాడు. 2025లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న మన వరంగల్ చపాటా చూడ్డానికి టమాటాలా ఎర్రగా ఉంటుంది గానీ, అందులో రంగు ఎక్కువ, కారం తక్కువ. మా అమ్మ పీటమీంచి లేవకుండానే తీర్పు చెప్పింది: "చపాటాతోని ఏమైతది బిడ్డా? కూర మంచిగున్నదని రాక్షసుడు ఇంకింత అడుగుతడు."

అందరం నవ్వాం. నవ్వు ఆగాక మాత్రం నాకు మనసులో ఏదో మెదిలింది. కారం, వడిసెల, రోకలి - ఈ జాబితా ఎక్కడో విన్నదే. పిల్లల ఊహ కాదిది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో, తుపాకులు లేని పల్లెలు చేతబట్టిన సామాను ఇదే. మంచె మీద నిలబడి జొన్నచేలో పిట్టల్ని తోలే వడిసెల మనుషుల మీదికి తిరిగింది. ఆడవాళ్ళు కారంపొడి, రోకళ్ళు సిద్ధంగా పెట్టుకున్నారు. 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో ఆ పోరాటంలో నడిచిన స్త్రీలు తమ కథలు తామే చెప్పుకున్నారు.

మా అమ్మమ్మ చెప్పిన కథ ఏ పుస్తకంలోనూ లేదు. ఓ రాత్రి ఊరిమీద పడ్డవాళ్ళలో ఒకడు తలుపు తోసుకుని లోపలికొస్తే, అమ్మమ్మ వాళ్ళమ్మ చేతికందిన రోకలితో వాడి భుజమ్మీద ఒక్కటేసిందట. వాడు "అవ్వా!" అని అరిచి పారిపోయాడు. గొంతు వింటే మీసాలైనా రాని పిల్లాడిలా ఉన్నాడట. తెల్లారి ఆమె రోకలిని బూడిదతో తోమి, కడిగి, గోడకానించింది. మళ్ళీ ముట్టుకోలేదు. వడ్లు పొరుగింటికి తీసుకెళ్ళి దంచుకొచ్చేది. కొత్త పంట వచ్చాక ఓ రోజు రోకలికి పసుపు రాసి, బొట్టుపెట్టి, ఏడుస్తూ దంచడం మొదలుపెట్టిందట. "గప్పుడు గది మల్ల రోకలైంది బిడ్డా" అనేది అమ్మమ్మ.

ఆమె చేసింది తప్పా? నేననలేను. తలుపు అవతల నిలబడ్డవాడు రాక్షసుడో, ఎవరమ్మ కన్న కొడుకో చూసుకునే వ్యవధి ఆమెకెవరూ ఇవ్వలేదు. కాని దెబ్బ తగిలాక ఆమె చూసుకుంది. ఆ చూసుకోవడం గురించే నా ఆలోచనంతా.

మన పురాణాలకీ సంగతి బాగా తెలుసు. బలరాముడి ఆయుధాలు నాగలి, రోకలి. పద్మవ్యూహంలో అన్నీ పోగొట్టుకున్న అభిమన్యుడు రథచక్రాన్నే ఎత్తుకున్నాడు. యాదవులైతే రోకలి పొడిలోంచి మొలిచిన గడ్డితో ఒకర్నొకరు చంపుకున్నారు. ఆయుధం చెయ్యడానికి గడ్డిపోచైనా చాలు. అశ్వత్థామ బ్రహ్మశిరోస్త్రాన్ని సంధించింది కూడా గడ్డిపోచ మీదే. అర్జునుడూ అదే అస్త్రం వదిలాడు. మునులు అడ్డుపడి వెనక్కి తీసుకోమంటే అర్జునుడు తీసుకోగలిగాడు. అశ్వత్థామకు ప్రయోగం వచ్చుగాని ఉపసంహారం చేతకాలేదు. ఆ అస్త్రం వెళ్ళి కడుపులోని బిడ్డ మీద పడింది. ఇద్దరి చేతుల్లోనూ ఉన్నది ఒకే అస్త్రం, గమనించారా?

ఆ రాత్రి మావాడితో ఇదంతా చెప్పి, "నీ నోట్‌బుక్‌లో ఇంకో గడి గియ్యిరా. కొట్టినంక ఆ వస్తువు ఏమైతది, కొట్టినోనికి ఏమైతది అని రాయి" అన్నాను. ఘనమైన మాట చెప్పాననే అనుకున్నాను.

వాడు కాసేపాలోచించాడు. "చిన్నమ్మా, మా ఆటల అందరికంటే మంచిగున్నది గదే. పాచికలు సంచిల పడంగనే సచ్చినోడు లేస్తడు, రోకలి రోకలైతది. నువ్వన్న ఉపసంహారం మాకు ఆటతోనే వస్తది" అన్నాడు.

నాకు జవాబు తోచలేదు. నిజమే మరి. వాళ్ళమ్మమ్మ వాళ్ళ అమ్మమ్మ నెలల తరబడి మోసిందాన్ని వీళ్ళు నిమిషంలో దించుకోగలుగుతున్నారు. పిల్లలకు అంత తేలిగ్గా తీరిపోయే యుద్ధాలే ఉండాలని కదా ఏ తల్లైనా కోరుకునేది! అయితే, దించుకోవడం అంత తేలికనే నమ్మకం చేతికి అలవాటైపోతుందేమోనన్న బెంగ ఒకటి నాకు మిగిలింది. అది పెద్దవాళ్ళ బెంగ. మిగలనివ్వండి.

మర్నాడు పొద్దున్నే లేచి చూస్తే రోకలి వసారాలో అడ్డంగా పడుంది. ఆట మధ్యలోనే నిద్రపోయారు వీరులు. మావాణ్ణి లేపి, దాన్ని తీసుకెళ్ళి రోటి దగ్గర పెట్టమన్నాను. ఒక చేత్తో ఎత్తబోయి, ఆగి, రెండో చెయ్యి కూడా వేశాడు.

"ఇంత బరువుంటదా చిన్నమ్మా?" అన్నాడు.

"నువ్వు రెండు కిలోలని రాసుకున్నవు గదరా" అన్నాను.

రోకలి రోటి దగ్గర పెట్టొచ్చి, నోట్‌బుక్ తీసి ఆ అంకె కొట్టేశాడు. కొత్త అంకె ఏం వెయ్యాలో తెలియక కలం పట్టుకుని అలాగే కూచున్నాడు.