ఉడత అడగని వరం

ఉడత అనగానే మనకి రాముడు వీపు నిమిరితే పడ్డ మూడు చారలు గుర్తొస్తాయి. ఆ చిన్న ప్రాణి మోసిన గుప్పెడు ఇసుకకి ‘ఉడతాభక్తి’ అని పేరు కూడా పెట్టుకున్నాం. కానీ కిందటి వేసవిలో నేను చూసిన ఉడతకి చారలూ లేవు, భక్తీ లేదు. తప్పతాగి తూలుతోంది!

కంగారు పడకండి, అది వీడియో ఆటలో ఉడత. అమెరికాలో మా తమ్ముడింటికి వెళ్ళినప్పుడు, పాత అట్టపెట్టెలు సర్దుతుంటే వాడి చదువుకునే రోజులనాటి నింటెండో 64 బయటపడింది. దాంతోపాటు ఓ ఆట, అట్టమీద ముద్దొచ్చే ఎర్ర ఉడత. మా మేనకోడలికి పదేళ్ళు. “అత్తా, ఇది నాకు!” అని లాక్కుంది. మా తమ్ముడు గభాలున వచ్చి దాని చేతిలోంచి తీసేసుకున్నాడు.

“బొమ్మ ఉడతకి పెద్దల సర్టిఫికెట్టేమిట్రా?” అన్నాను.

“నువ్వు చూడలేదు గనక అలా అంటున్నావక్కా,” అన్నాడు వాడు, మూలన ‘ఎమ్’ అనే అక్షరం చూపిస్తూ. పదిహేడేళ్ళు నిండితేగాని ఆడకూడదని దానర్థంట.

పిల్ల పడుకున్నాక నాలుగు రాత్రులు ఆడి చూపించాడు. ఆట పేరు ‘కాంకర్స్ బ్యాడ్ ఫర్ డే’. ఇంగ్లండులోని రేర్ కంపెనీవాళ్ళు చేశారు. 1997లో మొదట ప్రదర్శించినప్పుడు అది శుద్ధ పసిపిల్లల ఆటే. 1998లో ఆ కంపెనీయే ఎలుగుబంటితో ‘బాంజో కజూయీ’ అని ఇంకో పిల్లల ఆట తెచ్చింది. దాంతో “ఇదీ అలాంటిదేగా” అన్న మాట వచ్చింది. అప్పుడు క్రిస్ సీవర్ అనే ఆయన పూనుకుని ఆటంతా తిరగరాశారు. 2001లో విడుదలయ్యేసరికి ఉడత తాగుతోంది, నోటికొచ్చినట్టు తిడుతోంది, నోట్లకట్ట కనిపిస్తే కళ్ళు తేలేస్తోంది. మధ్యలో ఓ పెంటకుప్ప లేచి సంగీతం కూడా పాడుతుంది. ఆ కాసేపూ నేను ముక్కు మూసుకునే చూశాను!

ఇవన్నీ ఉన్నాయి గనక ‘పెద్దలకు మాత్రమే’ అన్నారు, సరే. కానీ బూతులు వినడానికి పెద్దరికం ఎందుకండీ? మన వీధిచివర నిలబడితే పదేళ్ళ పిల్లలకి కావలసినన్ని వినబడతాయి. ఆట చివరికంటా చూశాక నాకు తోచిందేమిటంటే, అందులో పెద్దవాళ్ళకి చెందిన సంగతి ఇంకొకటుంది. అట్టమీద దాని గురించి ఎవరూ హెచ్చరిక వెయ్యలేదు.

కథ చిన్నదే. రాత్రి తాగి దారితప్పిన ఉడత ఇంటికి చేరుకోవాలి. ఇంటిదగ్గర బెర్రీ అనే ప్రియురాలుంది. అక్కడో చిరుతరాజు బల్లకి ఒక కాలు లేదు. పాలగ్లాసు పెడితే ఒలికిపోతోంది. ఆ కాలి స్థానంలో ఉడత అయితే సరిగ్గా సరిపోతుందని ఆస్థాన పండితుడు తేల్చాడు. ఇంకేం, వేట మొదలైంది.

ఉడత మొదటిసారి చచ్చిపోగానే పొట్టి యముడొకాయన ఎదురవుతాడు. ఉడతలకి ఒకటికంటె ఎక్కువ ప్రాణాలుంటాయనీ, దారిలో వేలాడే తోకలు ఏరుకుంటే మళ్ళీ బతకొచ్చనీ చెబుతాడు. అలా మా తమ్ముడు ఎన్నిసార్లు చచ్చాడో, ఎన్నిసార్లు లేచాడో! కానీ చివరికి బెర్రీని తుపాకీతో కాల్చేస్తారు. ఆమెకి ఏరుకునే తోకలు లేవు.

ఆఖరి యుద్ధంలో రాక్షసజీవి మీదపడి, ఇంక ఉడత పని అయిపోయిందనుకునేసరికి ఆట గడ్డకట్టినట్టు ఆగిపోతుంది. యంత్రం చెడిందనుకున్నాను. అదీ ఆటలో భాగమేనట. ఉడత ఈ ఆటని తయారుచేసినవాళ్ళనే పిలిచి సాయమడుగుతుంది. అంటే సాక్షాత్తు బ్రహ్మదేవుణ్ణే పిలిచిందన్నమాట! ఏం కావాలంటే అది దొరికే క్షణం. కత్తి అడిగింది, ఇచ్చారు. రాక్షసుడి తల తెగింది. అప్పుడు గుర్తొచ్చింది, బెర్రీని బతికించమని అడగలేదని. మళ్ళీ పిలిచింది. పలికేవాళ్ళు లేరు. దాన్ని రాజుని చేసి సింహాసనంమీద కూర్చోబెట్టారు. ఆట మొదట్లోనే ఉడత కిరీటంతో కనిపిస్తుంది. ‘ఆహా, ఎంత అదృష్టం’ అనుకున్నాను అప్పుడు.

నాకు సావిత్రి గుర్తొచ్చింది. మామగారి చూపు, రాజ్యం, తండ్రికి కొడుకులు, తనకి కొడుకులు అంటూ ఒక్కొక్కటే అడిగి, యముణ్ణి మాటలో ఇరికించి మొగుణ్ణి వెనక్కి తెచ్చుకుంది. అడగడమంటే అలా అడగాలి. కానీ ఆవిడకి నారదుడు ఏడాది ముందే రోజు చెప్పాడు. ఉడతకి ఎవరూ చెప్పలేదు. మనకీ ఎవరూ చెప్పరు. ఎదురుగా రాక్షసుడుంటే కత్తే కావాలనిపిస్తుంది. అది అత్యాశా కాదు, దుర్మార్గమూ కాదు. అందుకే దాన్ని తప్పనడానికి నాకు నోరు రాలేదు.

మా తమ్ముడు టీవీ ఆపి కాసేపు చీకట్లోనే కూర్చున్నాడు.

“వీసా అడిగానక్కా, ఇంటికి అప్పడిగాను, జీతం పెంచమని అడిగాను. అమ్మని వచ్చి నా దగ్గరుండమని మాత్రం అడగలేదు. ఇల్లు పూర్తయ్యాక అడుగుదామనుకున్నాను,” అన్నాడు.

ఇల్లు పూర్తయ్యేసరికి అమ్మ లేదు. “ఫరవాలేదురా” అనబోయి ఊరుకున్నాను. ఫరవా ఉంది కదా మరి.

మర్నాడు పొద్దున్న మేనకోడలు వదల్లేదు. “అత్తా, ఆ ఉడత కథేమిటి?” అంది. తాగుడూ తిట్లూ తీసేసి చెప్పాను. అవి లేకపోయినా కథలో ఏం తగ్గలేదు. దేవుళ్ళని పిలిచేచోట ఆగి, “నువ్వైతే ఏం అడుగుతావే?” అన్నాను.

“బెర్రీని,” అంది, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు.

“మరి మీదికొచ్చే రాక్షసుడో?”

“బెర్రీ వచ్చాక ఇద్దరూ కలిసి చూసుకుంటారుగా!”

వంటింట్లో మా తమ్ముడు కాఫీ కలుపుతున్నాడు. చెంచా చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి బయటికొచ్చి, నా చేతికి కప్పిచ్చి, “అక్కా, టిక్కెట్టు మారుస్తాను, ఇంకో పదిహేను రోజులుండి వెళ్ళు,” అన్నాడు.

ఉన్నాను.