రక్షణ పేరుతో నిషేధం

ఒక మనిషి శక్తికి హద్దు ఎక్కడున్నదో నిర్ణయించే అధికారం ఎవరిది? ఆ మనిషిదా, లేక ఆ మనిషి మేలు కోరుతున్నామని చెప్పుకునే వారిదా? నీతిశాస్త్ర గ్రంథాలలోనే తేలవలసిన ప్రశ్న కాదిది. క్రీడాచరిత్రలో దాదాపు మరుగున పడిన ఒక పోటీని ఆధారం చేసుకుని దీనిని పరిశీలించాలని నా ఉద్దేశం. 1983 నుంచి 1991 వరకు ఏటేటా జరిగిన ప్రపంచ మహిళల రోడ్డు పరుగు పోటీ అది.

దాని పుట్టుక అర్థం కావాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో స్త్రీలకు మొదటిసారిగా 800 మీటర్ల పరుగు పెట్టారు. జర్మనీ యువతి లీనా రాడ్కే 2 నిమిషాల 16.8 సెకన్లలో గెలిచింది. తుదిపోటీలో దిగిన తొమ్మిదిమందీ గమ్యం చేరారు. చేరాక కొందరు అలసటతో నేలకు ఒరిగారు. పత్రికలు దీనినే పెద్ద ఘోరంగా చిత్రించాయి. కొందరు నడిమధ్యనే పరుగు మానేశారని లేనిది కూడా రాశాయి. ఫలితంగా 1960 రోమ్ దాకా, అంటే ముప్ఫైరెండేళ్లపాటు, ఒలింపిక్స్‌లో స్త్రీలకు 200 మీటర్లకు మించిన పరుగు లేకుండా పోయింది. పరుగు ముగిశాక పురుషులు నేలకు ఒరగరా? ఒరుగుతారు. దానిని వీరోచిత శ్రమ అంటారు. అదే అలసట స్త్రీ ఒంటిమీద కనిపిస్తే అశక్తతకు సాక్ష్యమయింది.

ఇందులోని తర్కాన్ని గమనించండి. ఆమెకు శక్తి లేదు కనుక దారి ఇవ్వరాదు. దారి లేదు కనుక ఆమె పరుగెత్తదు. పరుగెత్తిన దాఖలా లేదు కనుక ఆమెకు శక్తి లేదు! ఈ వలయాన్ని లోపలినుంచి వాదించి ఛేదించలేము. 1966లో బోస్టన్ మారథాన్‌కు దరఖాస్తు పెట్టిన బాబీ గిబ్‌కు, స్త్రీ శరీరం అంత దూరానికి తాళలేదని జవాబు వచ్చింది. ఆమె పొదల చాటున నిలబడి, పరుగు మొదలయ్యాక గుంపులో కలిసి, 26 మైళ్లూ పూర్తి చేసింది. మరుసటి ఏడు కాథరీన్ స్విట్జర్ పొడి అక్షరాలతో పేరు నమోదు చేసుకుని, నంబరు కట్టుకుని పరుగెత్తుతుండగా, నిర్వాహకుడొకడు రోడ్డు మీదికి వచ్చి ఆ నంబరు పీకివేయబోయాడు. ఆమెను దూరం ఆపలేదు, ఆపబోయినవాడు మనిషి.

మన భాషకూ ఇందులో వాటా ఉన్నది. కావ్యాలలో స్త్రీకి 'అబల' పర్యాయపదం. ఏటా తరగతిలో ఆ మాటకు అర్థం చెప్పవలసిన ఉద్యోగం నాది. తిరిగి ఆడది చెడిందనీ, తిరగక మగవాడు చెడ్డాడనీ సామెత. అయితే రోజంతా నడుము వంచి నాట్లు వేసే ఆడకూలీని, నెత్తిన ఇటుకలు మోసే ఆడకూలీని అబల కదా అని ఎవరు ఇంటికి పంపారు? శ్రమ చేయించుకునే చోట ఆమె బలం మీద ఎవరికీ సందేహం రాలేదు. గౌరవమూ బహుమానమూ ఉన్నచోటనే వచ్చింది. కాబట్టి ఈ దౌర్బల్య సిద్ధాంతం శరీరశాస్త్రం నుంచి పుట్టినది కాదు, సాంఘిక సంబంధాల నుంచి పుట్టినది.

ఇక మనం తీసుకున్న పోటీ సంగతి. 1983లో హెల్సింకీలో జరిగిన మొదటి ప్రపంచ అథ్లెటిక్ పోటీలలో స్త్రీలకు 3000 మీటర్ల పరుగు ఉన్నది, మారథాన్ ఉన్నది; నడుమ 10,000 మీటర్లు లేదు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనూ అంతే. దానికోసం క్రీడాకారిణులు అమెరికా న్యాయస్థానాలకెక్కి ఓడిపోయారు. ఆ ఖాళీలో పుట్టింది ఈ రోడ్డు పోటీ. శాన్ డియేగోలో 10 కిలోమీటర్లతో మొదలై, 1985 నుంచి 15 కిలోమీటర్లకు పెరిగింది. తొలి విజేత ఇంగ్లండుకు చెందిన వెండీ స్లై. తరువాతి మూడేళ్లూ పోర్చుగల్‌కు చెందిన ఔరోరా కున్యా. 1989లో రియోలో చైనా యువతి వాంగ్ షియుటింగ్, ఆ తరువాత రెండేళ్లు రుమేనియాకు చెందిన యూలియా నెగురా గెలిచారు. ఈలోగా 1988 సియోల్ ఒలింపిక్స్‌లో స్త్రీల 10,000 మీటర్ల పరుగు చేరింది. 1992లో స్త్రీపురుషులిద్దరికీ ప్రపంచ హాఫ్ మారథాన్ పోటీలు రావడంతో ఈ ప్రత్యేక పోటీ ముగిసింది.

ప్రత్యేక పోటీ అంటే భిక్ష కాదా అని కొందరు అడుగుతారు. ప్రత్యేకత రెండు రకాలు. ఒకటి కంచె, రెండవది నిచ్చెన. లోపలివారిని అక్కడే ఉంచేది కంచె. పై మెట్టుకు చేర్చేది నిచ్చెన. ఈ పోటీ తన అవసరం తీరేదాకా నిలిచి, తీరాక తప్పుకున్నది. అందుకే దానిని నిచ్చెన అంటున్నాను.

మరొక ఆక్షేపణ మన శిబిరం నుంచే వస్తుంది. ముఖానికి రంగులమ్మే ఏవన్ కంపెనీ 1978 నుంచి అనేక దేశాలలో స్త్రీల పరుగులకు డబ్బు పెట్టింది, 1980లో లండన్ వీధులలో మహిళల మారథాన్ నడిపింది. ఇది వ్యాపారం కాదా? వ్యాపారమే. 1981లో ఒలింపిక్ సంఘం స్త్రీల మారథాన్‌ను అంగీకరించడంలో ఆ పరుగులకూ పాత్ర ఉన్నదన్నది కూడా నిజమే. పెట్టుబడి తన లాభం కోసం బాట వేసింది. అంతమాత్రాన ఆ బాట మీద పరుగెత్తిన కాళ్లు దానివి కావు. ఆ విజయాన్ని కంపెనీ ఖాతాలో రాయడం ఎంత తప్పో, కంపెనీ ఉన్నదని విజయాన్నే కాదనడం అంత తప్పు.

అయితే రక్షణ అన్నదల్లా మోసమేనా? కాదు. ప్రసూతి సెలవు కూడా రక్షణే. అది స్త్రీలు పోరాడి తెచ్చుకున్నది. పనిని పోగొట్టకుండా హక్కును పెంచుతుంది. 800 మీటర్ల నిషేధం స్త్రీలు కోరినది కాదు. ఉన్న హక్కును ఊడబెరికింది. ఎవరు అడిగారు, ఎవరు నష్టపోయారు అన్న రెండు ప్రశ్నలు వేస్తే అసలు రక్షణ ఏదో, నకిలీ ఏదో తేలిపోతుంది.

వసతి గృహం తలుపులకు ఆడపిల్లల క్షేమం కోసమే పెందరాళే తాళం వేస్తున్నామని చెప్పే కళాశాలలు నేటికీ ఉన్నాయి. ఉపాధ్యాయులమైన మనం ఈ రెండు ప్రశ్నలను మొదట అక్కడ వేయాలి.