వంతునకు వెల

ఊరుమ్మడి ఆటస్థలమునకు రుసుము పెట్టవచ్చునా యను ప్రశ్న పుట్టినపుడెల్ల మన సభలలో రెండు కేకలే వినబడుచుండును. పన్ను గట్టితిమి గదా, మరల నేల యిత్తుమని కొందఱు. ఊరక దొరకినదానిని జనులు పాడుచేయుదురని కొందఱు. రెంటను కొంత నిజము కలదు. కాని ఆ రుసుముతో మనము కొనుచున్న వస్తువేమి యని యడుగువారు తక్కువ.

అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున మిషన్ అను పేట కలదు. లాటిన్ అమెరికానుండి వచ్చిన కష్టజీవుల కుటుంబములు చిరకాలముగా నివసించు పేట యది. తరువాత కంప్యూటరు వ్యాపారముల యుద్యోగులును వచ్చి చేరిరి. అచటి ఫుట్‌బాల్ మైదానమున వ్రాయని చట్టమొకటి యుండెను: ఏడుగురేసి జట్టులుగా ఆడవలయును, ఓడినవారు తప్పుకొని, వేచియున్నవారికి చోటీయవలయును. నగరపు ఉద్యానశాఖవారు కొన్ని సాయంకాలములను గంటకు 27 డాలర్ల చొప్పున పెద్దవారికి ముందుగా కేటాయించు పద్ధతి పెట్టిరి. 2014లో ఒకనాడు కొందఱుద్యోగులు చీటి చూపి, ఆడుచున్న కుఱ్ఱవాండ్రను పొమ్మనిరి. వారు కదలరైరి. ఆ వాగ్వాదపు వీడియో దేశమెల్ల ప్రాకెను. పేటవారు నగరసభామందిరము కడ నిరసన తెలుపగా, ఆ మైదానమును పెద్దలకట్లు కేటాయించుట శాఖవారు మానుకొనిరి.

చీటి తెచ్చినవారు దోషులా? మేమట్లనము. గడియారమునకు కట్టుబడి పనిచేయువాడు ఆట దొరకునో లేదో తెలియక వచ్చుట కష్టమే. పదునలుగురు పంచుకొన్నచో ఆ సొమ్ము తలకు రెండు డాలర్లైనను కాదు. కావున పేదఱిక మొక్కటే తగవునకు మూలము కాదు. గడ్డికి, దీపములకు, కావలికి ఇచ్చు రుసుము వేఱు. తోడివానిని లెమ్మను నధికారమునకు ఇచ్చు వెల వేఱు. శాఖవారు మొదటిదానిని పుచ్చుకొంటిమనుకొనిరి; కుఱ్ఱవాండ్రకు తగిలినది రెండవది. అడుగకయే లేచి పోవుట నేర్చినవారిని, చీటి చూపి లేపిరి.

మఱమ్మతు రుసుమునకు మేము విరోధులము కాము. 2016లో ఇంగ్లండున బ్రిస్టలు చేరువ లిటిల్ స్టోక్ ఉద్యానమున, ప్రతి శనివారము జరుగు ఉచిత పరుగునకు రుసుము కోర స్థానికసభవారు తీర్మానించిరి. దారి యరిగిపోవుచున్నదని వారి మొఱ. ఉచితమే మా నియమమని నిర్వాహకులు అచట పరుగునే నిలిపివేసిరి. ఆ సభవారిని లోకమంతయు తిట్టెను గాని, మేము తిట్టజాలము. వారు ఎవరి వంతును అమ్మలేదు.

ఇక, వ్రాయని చట్టమును మితిమీఱి పొగడరాదు. గెలిచినవాడు నిలుచుననిన చోట బలవంతుడు ప్రొద్దు గ్రుంకువఱకు నిలుచును. బాలికలును, వృద్ధులును, అప్పుడే నేర్చుకొనువారును గట్టుమీదనే కూర్చుందురు. మన పట్టణములలో షటిల్ ఆడుచోట సాయంకాలము కొంతసేపు నిలిచిన యెవరికైనను ఇది తెలియును. అట్టివారికి వ్రాతపట్టీయే దిక్కు. పట్టీకి వెల లేనిచో, పేరు వ్రాయించి రానివారు చోటును పాడుపెట్టుదురన్నదియు నిజమే. అందులకు వంతును అమ్మ నక్కఱలేదు. పేరు వ్రాయించునపుడు కొద్దిపాటి ధరావతు పుచ్చుకొని, వేళకు వచ్చినవానికి తిరిగి యిచ్చివేయవచ్చును; రానివానిది దీపముల ఖర్చునకు జమకట్టవచ్చును. వారమునకు కొన్ని సాయంకాలములు మాత్రము పట్టీ లేకయే వదలవలయును.