తక్కెడకు అందని ధర్మము

అర్థము తొలగిపోయినది వ్యర్థమని పెద్దలు ఆ పదమునకు వ్యుత్పత్తి చెప్పుదురు. ఇచట అర్థమనగా ప్రయోజనము. అయితే ఆ ప్రయోజనము వస్తువునుండి తొలగినదా, లేక చూచువాని దృష్టినుండి తొలగినదా అని విచారింపవలెను. భోజనానంతరము తీసివేసిన అరటి ఆకు మనుష్యునకు వ్యర్థము, ఆవునకు ఆహారము. ఆవు వేసిన పేడ వాకిటికి మలినము, పొలమునకు బలము. ఒకరి శేషము మరియొకరికి ఆధారమగుచు సృష్టిచక్రము తిరుగుచున్నది. ఆ చక్రమును సాగనీయక తన భోగమొక్కటే చూచుకొనువాని బ్రతుకు నిష్ఫలమను భావమును భగవానుడు గీత మూడవ అధ్యాయమున బోధించియున్నాడు.

ఈ చక్రమునకు నేడు కొత్త అడ్డంకి ఏర్పడినది. ఆవు తినరానిదియు, మట్టి జీర్ణము చేసికొనలేనిదియు అగు వస్తువు ప్రతి గడప దాటి వీధిలోనికి వచ్చుచున్నది. దానిని ఏరి, వేరుచేసి, మరల ఉపయోగమునకు తెచ్చుటను పిల్లలకు నేర్పుటకై పాఠశాలల మధ్య పోటీలు పెట్టు వాడుక కలిగినది. 2007లో ఐటీసీ సంస్థ వ్యర్థములనుండి క్షేమము అను భావముతో ఆరంభించిన కార్యక్రమము పాఠశాలల పిల్లలను ఇందులో భాగస్వాములను చేసినది. 2016లో కేంద్రప్రభుత్వము స్వచ్ఛ విద్యాలయ పురస్కారములను నెలకొల్పినది. ఆంధ్రప్రదేశములో 2025 జనవరిలో, నెలకొక శనివారము పారిశుద్ధ్యమునకు కేటాయించు స్వచ్ఛాంధ్ర కార్యక్రమము మొదలైనది. ఆ సంవత్సరము అక్టోబరులో విజయవాడలో ఇచ్చిన స్వచ్ఛాంధ్ర పురస్కారములలో పాఠశాలలకును స్థానము లభించినది.

పోటీ పెట్టుట సులభము. ఆ పోటీ పిల్లవాని మనస్సులో ఏ విత్తనము నాటుచున్నదో తెలిసికొనుట కష్టము. కర్నూలు జిల్లా పడమటి సీమయందలి ఆదోని, ఎమ్మిగనూరు పట్టణముల పాఠశాలలను మనస్సునందుంచుకొని ఈ విషయమును విచారించినచో ధర్మసూక్ష్మము స్పష్టమగును. ఏలయన, వ్యర్థమును అర్థవంతము చేయు విద్య ఆ సీమకు కొత్తది కాదు.

ఆదోని ప్రత్తి వ్యాపారమునకు ప్రసిద్ధి కెక్కిన పట్టణము. విత్తులతో కూడిన ప్రత్తిని మిల్లులో ఆడించినచో దూది వచ్చునది సుమారు మూడవ వంతు మాత్రమే. మిగిలినదంతయు గింజయే. ఆ గింజను ఎవరును పారవేయరు. దానినుండి నూనె తీయుదురు. నూనె తీయగా మిగిలిన చెక్క పశువులకు దాణా అగును. చేనిలో మిగిలిన ప్రత్తికట్టె పొయ్యిలోనికి పోవును. ఎమ్మిగనూరు చేనేతకు నిలయము. 1938లో మాచాని సోమప్పగారి చొరవతో అచట చేనేతకారుల సహకార సంఘము ఏర్పడినది. మగ్గము ముందు కూర్చున్నవానికి నూలుపోగు విలువ ఎవరును చెప్పనక్కరలేదు. తెగిన పోగును ముడివేసి నేత సాగించుటయే అతని నిత్యకృత్యము. ఇక ఆ ప్రాంతపు పాత యిండ్లలో చినిగిన చీరలు బొంతలైనవి, బియ్యము కడిగిన నీరు కుడితి తొట్టిలోనికి పోయినది, వాకిలి ఊడ్చిన చెత్త ఎరువు దిబ్బ చేరినది. ఎవరును బహుమతి ఇయ్యలేదు, ఎవరును అడుగలేదు.

అట్టి యింటినుండి వచ్చిన బాలుడు పోటీలో నిలిచినాడనుకొందము. ఇట్టి పోటీలకు సాధారణముగా పెట్టు నియమము ఒక్కటే: ఎక్కువ బరువు తెచ్చినవారికి బహుమతి. పాఠశాల ఆవరణలో తక్కెడ వ్రేలాడుచుండును. దినపత్రికలు కట్టలుగా వచ్చు ఇంటి పిల్లవాడు, నీళ్లసీసాలు పెట్టెలుగా కొను ఇంటి పిల్లవాడు బరువైన సంచులతో వచ్చుదురు. దేనినీ పారవేయని యింటి బాలుడు రెండు చిత్తుకాగితములతో వచ్చి తలవంచుకొని నిలుచును. అప్పుడు ఆ తక్కెడ ఎవరిని గౌరవించినట్లు? ఎక్కువ పారవేసిన యింటిని గౌరవించినది. పొదుపును ఓటమిగా ప్రకటించినది. వ్యర్థమును తగ్గింపుడని బోధించుటకు పెట్టిన పోటీ, వ్యర్థమే సంపద అని నేర్పినది.

దోషము అంతటితో ఆగదు. గెలువవలెనను ఆరాటముతో గుజిరీ అంగడిలో చిత్తుకాగితములు కొని తెచ్చి తూచుటకు పూనుకొను బుద్ధి పుట్టవచ్చును. వీధివీధి తిరిగి పాత సామాను కొని పొట్టపోసికొనువానికి ఏటేట చేరు కాగితములు ఆ యేడు పాఠశాలకు చేరవచ్చును. ఇంకొక సంగతియు కలదు. ఆదోని చుట్టుపట్ల గ్రామములనుండి అనేక కుటుంబములు పొలము పనులు లేని నెలలలో సుగ్గికి, అనగా పనికై దూరప్రాంతములకు వలసపోవును. తలిదండ్రుల వెంట పిల్లలును పోవుదురు. సగము పీటలు ఖాళీగానున్న ఆ నెలలలో మొత్తము బరువును చూచి పాఠశాలల యోగ్యతను నిర్ణయించుట న్యాయమగునా?

కావున పోటీయే కూడదు, సత్కర్మకు బహుమతి యేల, అది కామ్యకర్మ యగును గదా అని కొందరు ఆక్షేపింపవచ్చును. ఈ ఆక్షేపణలో కొంత సత్యము లేకపోలేదు. ఫలాపేక్ష లేని కర్మయే శ్రేష్ఠము. కాని ఆ స్థితి పండిన మనస్సునకు సాధ్యము, పదియేండ్ల బాలునకు కాదు. శాస్త్రములలో గుడజిహ్వికాన్యాయమని యొకటి కలదు. చేదు మందు త్రాగనొల్లని శిశువు నాలుకపై తల్లి ముందుగా బెల్లము రాచును. బెల్లము మందు కాదు, మందు లోనికి పోవుటకు దారి. బహుమతియు అట్టిదే. అయితే తల్లి బెల్లము రాచి మందు పోయుట మరచినచో రోగము తగ్గదు సరిగదా, బెల్లముపై చాపల్యము మిగులును. పోటీ నడపువారు మరువరాని విషయమిది.

మందు ఏది? తెలుగువారికి చిరపరిచితమైన తులాభారకథయే దీనికి సమాధానము చెప్పుచున్నది. సత్యభామ వ్రతముపట్టి శ్రీకృష్ణుని నారదునకు దానముచేసి, మరల విడిపించుకొనుటకు ఆయన యెత్తు ధనము తూచబోయినది. భాండాగారములోని బంగారమంతయు వచ్చినను తక్కెడ కదలలేదు. రుక్మిణీదేవి భక్తితో ఉంచిన ఒక తులసీదళముతో స్వామి తూగినాడు. నాడు సత్యభామ తెచ్చిన బంగారము తక్కువది కాదు. తనకున్నది ఎంతయో చూపవలెనను అభిమానము దానితో కూడ తక్కెడ నెక్కినది. పరమాత్మకు కావలసిన తూకము వేరు. పాఠశాల తక్కెడను సరిచేయవలెనన్నను, ముందు ఏది తూచవలెనో నిర్ణయింపవలెను.

తెచ్చిన బరువును గాక, తగ్గిన బరువును తూచుట మొదటి మార్గము. పోటీ ఆరంభమున ఒక వారము పాఠశాల తానే పారవేయు చెత్తను తూచి పలకపై వ్రాయవలెను. మూడు మాసముల పిదప మరల ఒక వారము తూచవలెను. వచ్చిన పిల్లల సంఖ్యనుబట్టి తలకెంత తగ్గినదో చూచి గెలుపు నిర్ణయించినచో, వలసపోయిన పిల్లలు లేనందున ఏ పాఠశాలకును నష్టము కలుగదు. చెత్తను కాల్చుట, గోడ ఆవల పడవేయుట నిషిద్ధములుగా ముందే చెప్పవలెను.

వేరుచేయు నేర్పును పరీక్షించుట రెండవ మార్గము. ఇందులో తెలిసికొనవలసినది చాల ఉన్నది. గాజును, లోహమును ఎన్ని మారులైనను కరగించి వాడవచ్చును. పాత అల్యూమినియమును కరగించుటకు, ముడిఖనిజమునుండి దానిని తీయుటకు పట్టు శక్తిలో సుమారు 5 శాతము చాలును. కాగితము అట్లు కాదు. మరల చేసిన ప్రతిమారు దాని పీచు పొట్టిదగుచు బలము కోల్పోవును. తడిసి ఎంగిలి అంటిన కాగితమునకు విలువయే లేదు. నీళ్లసీసాను కరగించి దారము తీసి బట్ట నేయవచ్చునని నేతవారి యూరి పిల్లలు వినినచో ఎంత ఆశ్చర్యపడుదురో! చిరుతిండి పొట్లములో మాత్రము ప్లాస్టిక్ పొరయు లోహపు పొరయు అంటుకొనియుండుటచే దానిని వేరుచేయుట మిక్కిలి కష్టము. కొనకుండుటయే దానికి తగిన మందు.

ఈ విద్యలో అందరికంటె అనుభవము గలవాడు పాత సామాను ఏరి బ్రతుకువాడు. చేతితో తాకి ఏ ప్లాస్టిక్ దేనికి పనికివచ్చునో చెప్పగలడు. అతనిని పాఠశాలకు పిలిచి, కుర్చీవేసి, పిల్లలకు పాఠము చెప్పించి, న్యాయనిర్ణేతలలో ఒకనిగా కూర్చుండబెట్టుట ధర్మము. పిల్లలు సేకరించినది అతనికే విక్రయించినచో అతని జీవనమునకును లోపము రాదు. అవమానించుచు ఇచ్చిన దానము తామసమని గీత పదునేడవ అధ్యాయము తెలుపుచున్నది. చెత్తను ముక్కు మూసికొని అతనిపై పడవేయుటయు అట్టిదే. అతని బిడ్డయు అదే తరగతిలో కూర్చుండియుండవచ్చును. తండ్రికి జరిగిన మర్యాదను చూచిన ఆ బిడ్డ ఇక తలవంచుకొని నిలువడు. పోటీకి వెచ్చించిన శ్రమకు ఈ ఒక్క ఫలమే చాలును.

పిల్లలను చెత్తదిబ్బలమీదికి పంపరాదు. పగిలిన గాజు, వైద్యశాలల సూదులు వారి చేతికి తగులరాదు. తమ యింటిది, తమ తరగతిది మాత్రమే వారు చూచుకొనవలెను. అమ్మగా వచ్చిన సొమ్ము లెక్క అందరికి కనబడునట్లు వ్రాయవలెను. గెలిచినవారికి ప్లాస్టిక్ జ్ఞాపిక ఇచ్చుట నవ్వులపాలగును. దానికి బదులు ఎమ్మిగనూరు మగ్గముమీద నేసిన తువాలు, ఒక వేపమొక్క ఇచ్చినచో బహుమతియు పాఠమే యగును.

ఇన్ని చేసినను తక్కెడ తక్కెడయే. దానిని మోసగింపవచ్చును. అందుచేతనే అరుంధతీన్యాయమును కూడ స్మరింపవలెను. సన్నని అరుంధతీ నక్షత్రమును చూపుటకు ముందుగా దాని ప్రక్కనున్న పెద్ద నక్షత్రమును చూపి, చూపు నిలిచిన పిదప అసలు దానిని చూపుదురు. గెలుపు పెద్ద నక్షత్రము. ఎవరును చూడనప్పుడును అన్నము పారవేయకుండుట, కాగితము రెండవ ప్రక్కను వ్రాయుట, చినిగినదానిని కుట్టుకొనుట అరుంధతి. అంతర్యామియగు భగవంతుడు సాక్షియని నమ్మిన యింట ఆ చూపు బాలునకు సులభముగా అలవడును.

కావున ఈ బాధ్యత ఉపాధ్యాయులది మాత్రమే కాదు. దేవాలయములును దీనికి మార్గము చూపుచున్నవి. తిరుమల తిరుపతి దేవస్థానములు 2021 సెప్టెంబరులో, స్వామి సేవలో వినియోగమైన పుష్పములతో అగరువత్తులు చేయించుట ఆరంభించినవి. నిర్మాల్యము తొక్కుడు పడరాదను ఆచారమునకు అది తగిన మార్గము. శ్రావణమాసమున మంత్రాలయ రాఘవేంద్రస్వామి ఆరాధనకును, ఉరుకుంద ఈరన్నస్వామి దర్శనమునకును ఆదోని, ఎమ్మిగనూరు దారులలో వేలకొలది యాత్రికులు పోవుదురు. వారు చేతిలో గుడ్డసంచియు, నీటికి లోహపాత్రయు ఉంచుకొని, తుంగభద్రలో పూలు, బట్టలు, సంచులు విడువక మరలివచ్చినచో, దారి ప్రక్క పాఠశాల పిల్లలు ఏరవలసినది అంతమేరకు తగ్గును. పెద్దలు పారవేయుచుండగా పిల్లలు ఏరుటలో పోటీపడుట శోభింపదు.

తులసీదళమంత నియమమును ప్రతి గృహస్థుడును తన యింట నిలుపుకొనునుగాక. రెండు చిత్తుకాగితములతో వచ్చిన ఆ బాలుడు తలయెత్తి నిలుచునట్లు శ్రీమన్నారాయణుడు పెద్దలకు బుద్ధి ప్రసాదించుగాక.