పేరులోని ‘మంచి రోజు’

బిడ్డ పుట్టిన ఏడో రోజు అఖీఖా చేసి పేరు పెట్టే వేళ మన ఇళ్ళలో చర్చ మొదలవుతుంది. “ఇది అరబీ పేరేనా? ముస్లిం పేరులా లేదే!” అని పెద్దలు సందేహిస్తారు. “ఎవరూ పెట్టుకోని పేరు కావాలి” అని తల్లిదండ్రులు పట్టుబడతారు. అసలు పేరుకు విలువ దేనివల్ల వస్తుంది?

‘రూజ్‌బెహ్’ అనే అరుదైన పారశీక పేరునే తీసుకుందాం. ‘రూజ్’ అంటే దినం. మనం తెలుగులో వాడే ‘రోజు’ కూడా పారశీకం నుంచి వచ్చిందే. ‘బెహ్’ అంటే మంచిది, మేలైనది. కనుక రూజ్‌బెహ్ అంటే మంచి రోజులు గలవాడు, అదృష్టవంతుడు.

హజ్రత్ సల్మాన్ ఫార్సీ (రజి) తొలి పేరు ఇదేనని కొన్ని ఉల్లేఖనాలు చెబుతున్నాయి. ఆయన ఇస్ఫహాన్ ప్రాంతంలో ఓ గ్రామపెద్ద కుమారుడు. అగ్నిగుండం ఆరిపోకుండా కాచే బాధ్యత ఆయనది. సత్యాన్వేషణలో ఇల్లు విడిచి సిరియా, మోసుల్, నసీబైన్, అమ్మూరియాలు తిరిగారు. వెంట తీసుకెళ్తామన్న బాటసారులే ఆయన్ని బానిసగా అమ్మేశారు. పేరులో మంచి రోజు ఉన్నా, బతుకులో ఎన్ని గడ్డు రోజులు! చివరకు మదీనాలో సత్యం లభించింది. ఆయన విముక్తి కోసం మూడు వందల ఖర్జూర మొక్కలు నాటవలసి వస్తే దైవప్రవక్త (సఅసం) స్వహస్తాలతో నాటారు. క్రీ.శ. 627లో మదీనాను కాపాడిన కందకం ఆయన సలహాయే.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆయన సల్మాన్ అయ్యారు గాని, ‘ఫార్సీ’ అన్న మాట ఆయన నుంచి తొలగిపోలేదు. ఇస్లాం ఆయన విశ్వాసాన్ని మార్చింది, పుట్టిన గడ్డను చెరిపేయలేదు. తర్వాతి కాలంలో షీరాజ్‌కు చెందిన సూఫీ పండితుడు రూజ్‌బెహాన్ బఖ్లీ (మరణం 1209) ఈ పేరు నుంచే వచ్చిన పేరుతో ప్రసిద్ధి చెందారు. అంతెందుకు? ఇబ్రాహీం, మూసా వంటి ప్రవక్తల పేర్లు కూడా అరబీ మూలం గలవి కావు. మన ఇళ్ళలోని ఫిరోజ్, పర్వీన్, షిరీన్‌లు పారశీకమే కదా!

అయితే ఏ పేరైనా ఫరవాలేదా? లేదు. ‘అవిధేయురాలు’ అనే అర్థం గల పేరున్న స్త్రీకి దైవప్రవక్త (సఅసం) ‘జమీలా’ అని పేరు మార్చారు. ఆయన చూసింది అర్థాన్ని. కనుక అర్థం తెలియకుండా, కేవలం కొత్తదనం కోసం పేరు పెట్టడం కూడా పొరపాటే.

మనవైపు ‘మంచి రోజు’ అనగానే ముహూర్తం గుర్తొస్తుంది. పేరు ముహూర్తమూ కాదు, తాయెత్తూ కాదు. అది బిడ్డ కోసం తల్లిదండ్రులు చేసే దుఆ. దాన్ని నిజం చేయవలసింది బిడ్డకు మనమిచ్చే శిక్షణ, ఆ బిడ్డ ఆచరణ.

అల్లాహ్ మన పిల్లలకు మంచి పేర్లను, ఆ పేర్లకు తగిన నడవడికను ప్రసాదించుగాక! ఆమీన్.