గడ్డివాములో దొరికిన గ్రుడ్లు

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:1-7, లేవీయకాండము 6:1-7



మన పల్లెలలో కోళ్లులేని ఇల్లు అరుదు. తెల్లవారి గంప ఎత్తగానే అవి రెక్కలు దులుపుకొని దొడ్డిలోనికిని, అక్కడనుండి చేనిగట్టునకును పోవును. పురుగులు, చెదలు, రాలిన గింజలు, లేత గడ్డి వాటి ఆహారము. ప్రొద్దు వాలగానే ఎవరును తోలకయే గూటికి చేరును. షెడ్డులలో ఇనుప అరలయందుంచి పెంచు తెల్ల లెగారను పెట్ట సంవత్సరమునకు 300 గ్రుడ్ల వరకు పెట్టును. మన నాటు పెట్ట 60 పెట్టిన గొప్ప. అయినను దానికి దాణా కొననక్కరలేదు, దాని గ్రుడ్డునకు సంతలో వెల ఎక్కువ, పొదిగి పిల్లలను చేయు బుద్ధి దానికి ఇంకను మిగిలియున్నది. అందుచేత బీదవారి ఇంట అది నేటికిని చిన్న బ్యాంకు వంటిది. పిల్లవాని నోటుపుస్తకములు, ఇంటి ఉప్పు పప్పు దాని క్రిందనుండియే వచ్చుచున్నవి.

అయితే విడిచి మేపు కోడికి సరిహద్దు తెలియదు. సర్వేయరు గొలుసు దాని కాళ్లకు అడ్డము రాదు. మఱియు గ్రుడ్డు పెట్టుటకు అది చీకటిగాను మెత్తగాను ఉండి, మనుష్యుల అలికిడి లేని చోటు వెదకును. ఇంటి గూటిలో అట్టి చోటు లేనియెడల పొరుగువారి గడ్డివామే దానికి పురిటిల్లు. ఒకసారి అక్కడ పెట్టెనా, మొదటి గ్రుడ్డును చూచుకొని రెండవదియు అక్కడనే పెట్టును. ఇట్లు పండ్రెండు, పదునైదు పెట్టి పొదుగుటకు కూర్చుండును.

ఇప్పుడు ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయమును తెరచి చూడుడి. మోషే ధర్మశాస్త్రములో కోడి పేరు లేదు. ఎద్దు, గొఱ్ఱె, గాడిద, వస్త్రము చెప్పబడినవి. ఆ మీదట సహోదరుడు పోగొట్టుకొనిన ఏ వస్తువైనను అని యున్నది. కోడి ఆ మాటలోనికి వచ్చును. తప్పిపోయిన దానిని చూచియు చూడనట్లు ముఖము త్రిప్పుకొనవద్దనునదియే అచ్చటి ఆజ్ఞ. సొంతదారుడు దూరముగా నున్నను, ఎవరో తెలియకున్నను, అతడు వెదకుకొని వచ్చువరకు నీ యింట ఉంచి కాపాడి అప్పగింపవలెను. అనగా దొరికినవాని మీద దేవుడు భారము మోపుచున్నాడు గాని వానికి లాభము చూపుట లేదు. కొంచెము క్రిందికి వచ్చినయెడల, త్రోవలో పక్షి గూడు కనబడినప్పుడు తల్లిని విడిచిపెట్టవలెనను ఆజ్ఞయు ఆ అధ్యాయములోనే కనబడును. నేలమీది గ్రుడ్లను కూడ దేవుడు లెక్కలోనికి తీసికొనెను.

ఈ భాగమును నేను అనేకసారులు చదివితిని. అది నాకు అర్థమైనది మాత్రము ఒక ఎఱ్ఱ పెట్టవలన.

నేను కాపరిగా నున్న ఒక పల్లెలో రెండు ఇండ్ల నడుమ కంపచెట్ల దడి ఒక్కటే అడ్డము. ఒక యింట విధవరాలు, ఆమె కుమారుడు. ఆరు పెట్టలు, ఒక పుంజు ఆమె ఆస్తి. రెండవ యింట ఎద్దులు, గడ్డివాము, కొంచెము కలిగినవారు. ఇద్దరు స్త్రీలును మన సంఘస్థులే. ఒకరినొకరు వదినా యని పిలుచుకొనెడివారు. ఒక వేసవిలో విధవరాలి ఎఱ్ఱ పెట్ట గ్రుడ్లు పెట్టుట మానినట్లు కనబడెను. పాము త్రాగుచున్నదేమో యని ఆమె గూడంతయు వెదకెను. అదే దినములలో పొరుగింటామె పశువులకు గడ్డి లాగుచుండగా వాములో 15 గ్రుడ్లు బయలుపడెను. అవి ఎవరి కోడివో ఆమె ఎరుగును. అయినను తన గడ్డిలో దొరికినవి గనుక దేవుడే ఇచ్చెనని మనస్సునకు చెప్పుకొని, ఆదివారమున చిన్న బుట్టలో పెట్టి కానుకగా తెచ్చెను. ఆరాధన ముగిసిన పిమ్మట కానుకగా వచ్చిన కూరగాయలను, కోళ్లను వేలము వేయుట మీకు తెలిసినదే. ఆ గ్రుడ్లను ఒక పెద్ద పాడుకొని, వాటిలో నాలుగు మా ఇంటికి పంపెను. నేను బల్లయొద్ద నిలిచి ఆ కానుకను మెచ్చుకొంటిని కూడ.

నాలుగు దినములకు బడిలో పిల్లల మాటలవలన సంగతి బయటపడెను. బోరింగు యొద్ద ఇద్దరును ఎదురుపడిరి. "నా కోడి గుడ్లతో నువ్వు పుణ్యం కట్టుకున్నావా?" అని ఒకరు. "నీ కోళ్లు నా వాకిట్లో ఎండేసిన వడ్లు తినలేదా? ఆ లెక్క ఎవరిస్తారు?" అని మరియొకరు. ఆ రెండవ మాటయు అబద్ధము కాదు. అందుచేతనే జగడము తెగలేదు. వదినా యను పిలుపు నిలిచిపోయెను. మొదటి ఆదివారమున ప్రభు భోజనమునకు ఇద్దరును రాలేదు. తరువాతి నెలయు రాలేదు. నాలుగు నెలలు గడచెను.

సహోదరులారా, పదునైదు గ్రుడ్లకు ఇంత గొడవయా యని నవ్వవద్దు. 60 గ్రుడ్లు పెట్టు పెట్టకు 15 గ్రుడ్లనగా సంవత్సరపు పంటలో నాలుగవ వంతు. ఎకరము పంటలో నాలుగవ వంతు పొరుగువాడు కోసికొనిపోయిన మనలో ఎవరు నవ్వుదురు?

నేను కాపరిని గనుక సమాధానపరచుటకు పోయితిని. మొదట ఎవరి యింటికి పోయితినో చెప్పుటకు నాకిప్పటికిని సిగ్గగుచున్నది. నష్టపోయిన ఆమె యింటికే పోయి క్షమాపణను గూర్చి బోధించితిని. బీదవారికి క్షమాపణ బోధించుట మనకు సుళువు. ఆమె అంతయు విని, "క్షమించమంటే క్షమిస్తానయ్యగారూ. మరి ఆ గుడ్లు మీరూ తిన్నారు కదా. ఎవరివని ఒక్కరైనా అడిగారా?" అనెను. నాకు మారుమాట దొరకలేదు.

ఆ రాత్రి లేవీయకాండము 6వ అధ్యాయము తీసితిని. ఇతరులు పోగొట్టుకొనినది తనకు దొరికినప్పుడు దానిగూర్చి బొంకినవాడు ఏమి చేయవలెనో అక్కడ స్పష్టముగా నున్నది. మూలధనము తిరిగి ఇచ్చి, ఐదవ వంతు దానితో కలుపవలెను, సొంతదారునికే ఇయ్యవలెను, అటుపిమ్మట పొట్టేలును యెహోవాయొద్దకు తేవలెను. ఆ వరుసను గమనించుడి. బలిపీఠము తరువాత, పొరుగువాని వాకిలి ముందు. మత్తయి 5:23-24లో మన ప్రభువు చెప్పినదియు ఇదే వరుస. మా సంఘములోనైతే వరుస తలక్రిందులాయెను: సహోదరి సొత్తు బలిపీఠము మీదికి వచ్చెను, నేను దానిని ఆశీర్వదించితిని. అరౌనా కళ్లమును ఊరక ఇచ్చెదనన్నను దావీదు 50 తులముల వెండి చెల్లించి కొనెను గాని, వెల లేనిదానిని దేవునికి అర్పింపనొల్లకపోయెను (2 సమూయేలు 24:24). మా గ్రుడ్లకు వెల ఉన్నది. అది వేరొక స్త్రీ చెల్లించినది.

నేను తినినవి నాలుగు. నాలుగింటికి ఐదవ వంతనిన గ్రుడ్డులో ముక్క. గ్రుడ్డును కోసి ఇచ్చుట ఎట్లు? కాబట్టి ఐదు నాటు గ్రుడ్లు కొని, పగటివేళ వీధివెంట నడచి ఆమె యింటికి తీసికొనిపోయితిని. బోధ ఏమియు చేయలేదు. "అమ్మా, నేను అడగకుండా తిన్నవి ఇవి" అని మాత్రము చెప్పి వచ్చితిని. పొరుగింటామె అరుగుమీద కూర్చుండి చూచుచుండెను.

రెండు వారములు ఏమియు జరుగలేదు. తరువాత ఒక సాయంకాలమున ఆ పొరుగింటామె తన పెట్టలు పెట్టినవి కొన్ని, సంతలో కొనినవి కొన్ని చేటలో పెట్టుకొని దడి దాటి వచ్చెను. మొత్తము 18. పదునైదునకు ఐదవ వంతు మూడని ఆమెకు ఎవరు లెక్క చెప్పిరో నేనడుగలేదు. ఆమె భర్త కొంచెము బైబిలు చదువువాడు. ఆమె క్షమించుమని నోరు తెరచి అనలేదట. చేటను గడపమీద పెట్టి నిలువబడినదట. విధవరాలు గ్రుడ్లు ఒక్కొక్కటిగా ఎంచి 15 తీసికొని, మూడు చేటలోనే ఉంచి, "ఇవి నా కోళ్లు తిన్న వడ్లకు" అనెనట. లేవీయకాండములో ఈ చివరి మాట లేదు.

విడిచి మేపువారికి ఇచ్చట కొన్ని సంగతులు చెప్పవలసియున్నది. నేను వాటిని ఆ విధవరాలియొద్దనే నేర్చుకొంటిని. పెట్టలు విస్తారముగా ప్రొద్దెక్కులోగానే గ్రుడ్డు పెట్టును గనుక ఆమె ఇప్పుడు వాటిని తెల్లవారగానే విడువదు. గూటిలోనే నీళ్లు, కొంచెము నూకలు పెట్టి, ఎండ బాగుగా ఎక్కిన తరువాత విడుచును. చీకటి మూలలలో వెడల్పు మూతి కుండలను ప్రక్కకు వాల్చి, గడ్డి పరచి, ఒక్కొక్కదానిలో గ్రుడ్డంత తెల్లని రాయి పెట్టినది. కోడి ఆ రాతిని చూచి మోసపోవును. ఈ మోసము పాపము కాదని నా నమ్మకము. పాత కుండలో పేడ, గోనెపీలికలు వేసి తడిపి బోర్లించినయెడల రాత్రికి చెదలు పట్టును. ప్రొద్దున అది కోళ్లకు విందు. నత్తగుల్లలు దంచి వేసినయెడల గ్రుడ్డు పెంకు గట్టిపడును.

టీకా విషయము ఇంకను ముఖ్యము. కొక్కెర తెగులు దడిని లెక్కచేయదు. పిల్లలకు ఏడవ దినమున లసోటా చుక్క, ఎనిమిదవ వారమున సూది వేయింపవలెను. ఒక యింటి కోళ్లకు వేయించి ప్రక్కయింటివి విడిచిపెట్టినయెడల తెగులు ఆ పల్లెను విడువదు. ఆ సంవత్సరమున పశువుల డాక్టరు వచ్చినప్పుడు ఈ రెండిండ్ల కోళ్లను ఒక్క గంపలోనే పట్టియుంచిరి. ఎవరివి ఎవరివో విడదీయుటకు చాలసేపు పట్టినది.

తరువాతి మొదటి ఆదివారమున ఇద్దరును ప్రభు భోజనమునకు వచ్చిరి. ఒకరి ప్రక్క ఒకరు కూర్చుండలేదు. నడుమ నలుగురు స్త్రీలుండిరి. రొట్టె మాత్రము ఒక్కటే పళ్లెములోనుండి తీసికొనిరి.

ఎఱ్ఱ పెట్ట నేర్చుకొనలేదు. కుండలో తెల్లరాయి పెట్టినను, తలుపు వేసియుంచినను, విడువగానే అది గడ్డివామువైపే పరుగెత్తును. కొన్ని దినములైన పిమ్మట నేను ఆ వీధిని పోవుచుండగా దడి అవతలనుండి ఒక కేక వినబడినది: "వదినా, నీ పెట్ట వచ్చింది, చూసుకో!"